సందేహాలు – సమాధానాలు: ‘నిగ్రహ పరీక్ష’ అనవచ్చా?

సందేహం: అమెరికాలోని తెలుగువాళ్ళ కోసం, తాగి బండి నడిపిన కేసుల గురించి ఒక కరపత్రం రాస్తున్నాం. డ్రైవరు తాగాడేమోనన్న అనుమానంతో పోలీసులు రోడ్డు మీదే చేయించే ‘ఫీల్డ్ సోబ్రయిటీ టెస్ట్’ను ఒకాయన ‘క్షేత్రస్థాయి నిగ్రహ పరీక్ష’ అన్నారు. ‘డిఫెన్స్’ను ‘రక్షణ’ చేశారు. నాకెందుకో నచ్చలేదు. ఏమనాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: నచ్చకపోవడమే మంచిదైంది. గ్లాసు ముట్టకుండా కూర్చున్నవాడిది నిగ్రహం. తాగినవాడి కాళ్ళు తడబడుతున్నాయా అని చూడడానికి ఆ మాట పనికిరాదు. ‘క్షేత్రస్థాయి’ అంటే పంటనష్టం చూడడానికి వెళ్ళిన అధికారులు గుర్తొస్తారు. ఇక్కడ ఫీల్డ్ అంటే కారు ఆపిన చోటు, అంటే రోడ్డు పక్క.

అసలు చిక్కు ‘సోబర్’తోనే, అంటే మత్తులేని స్థితితోనే. ఆ స్థితిని మనం ఎక్కువగా ‘లేదు’తోనే చెబుతాం: తాగలేదు, మత్తులో లేడు. తెలంగాణ ‘సోయి’ కొంత దగ్గరికొస్తుంది కానీ, అది స్పృహకు, ఎరుకకు చెల్లే మాట. పోనీ ‘మత్తు పరీక్ష’ అందామా అంటే, ఆపరేషన్‌కు ముందు వచ్చే మత్తు డాక్టరు కళ్ళముందు నిలబడతాడు.

కాబట్టి పోలీసు ఏం చూస్తాడో చూసి పేరు పెడదాం. అమెరికా రహదారి భద్రతా సంస్థ పద్ధతిలో ఇవి మూడు. కళ్ళముందు పెన్ను లాంటిది కదిపి కనుగుడ్లు ఎలా తిరుగుతున్నాయో చూస్తారు. గీత మీద మడమకు బొటనవేలు ఆనించి 9 అడుగులు నడిచి, తిరిగి 9 అడుగులు వెనక్కి రమ్మంటారు. ఒక కాలు 6 అంగుళాలు ఎత్తి 30 సెకన్లు నిలబడమంటారు. మూడింటిలోనూ చూసేది ఒక్కటే: నిలకడ. చూపు నిలకడ, అడుగు నిలకడ, ఒంటి నిలకడ. ‘రోడ్డుపక్క నిలకడ పరీక్షలు’ అనండి. ఈ పేరు ఎవరినీ ముందే దోషిని చెయ్యదు. నిందితుల తరఫు లాయర్ల వాదన కూడా ఇదే కదా: కొలిచింది నిలకడను, మద్యాన్ని కాదు. నిలకడ తప్పడానికి 65 దాటిన వయసు, నడుంనొప్పి, లోపలి చెవి జబ్బు, ఎత్తు మడమల చెప్పులు, ఎగుడుదిగుడు నేల, ఏవైనా కారణం కావచ్చు.

‘పరీక్ష ఫెయిలయ్యాడు’ అని మాత్రం రాయకండి. మనకు నూటికి 35 వస్తే పాసు. ఆ నడకలో మత్తుకు గుర్తుగా చూసే ఆనవాళ్ళు 8, వాటిలో 2 కనిపిస్తే చాలు, అనుమానం బలపడుతుంది. పైగా ఆ ఎనిమిదిలో ఒకటి, చెప్పడం పూర్తికాకముందే నడక మొదలుపెట్టడం. ఇంగ్లిషు సగమే అర్థమైనవాడికి అదెంత సులువో ఆలోచించండి. అందుకే ‘ఆనవాళ్ళు’ అనడం నయం.

కళ్ళ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. కనుగుడ్డు చిన్నచిన్న కుదుపులతో కొట్టుకోవడాన్ని డాక్టర్లు నిస్టాగ్మస్ అంటారు. దాన్ని ‘కన్ను అదరడం’ అన్నారా, మన పాఠకులు కుడికన్నా ఎడమకన్నా అని శకునం లెక్కపెడతారు! అదిరేది రెప్ప. ఇక్కడ కొట్టుకునేది గుడ్డు. ‘కనుగుడ్డు కుదుపు’ అనండి.

మీ కరపత్రంలో ‘తాగుబోతు డ్రైవరు’ కూడా ఉంటే తీసెయ్యండి. తిండిపోతు, పిరికిపోతు లాగే తాగుబోతు కూడా మనిషి తీరును చెబుతుంది, ఒక్క రాత్రి సంగతిని కాదు. ‘తాగాడు’, ‘తాగి ఉన్నాడు’, ‘మత్తులో ఉన్నాడు’ కూడా మూడు వేరు మాటలే. మనం మొదటి రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. భోజనంతో ఒక బీరు తాగినవాడు తాగాడు, నిజమే. మత్తులో ఉన్నాడా అన్నదే మీ డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో కోర్టులో తేలాల్సింది. అక్కడ రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితే చట్టం దాన్నీ మత్తుగానే లెక్కిస్తుంది. మన 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే, అంటే 0.03 శాతం. ఇక్కడ గీత మీద నడిపించరు, ‘ఊదమంటారు’. ‘డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు’ అంటే హైదరాబాదులో అందరికీ ఊదడమే గుర్తొస్తుంది. మీ పాఠకులూ అలాగే పొరబడవచ్చు కాబట్టి, ఊదే పరీక్ష వేరు, నిలకడ పరీక్షలు వేరు అని మొదటి పేజీలోనే ఒక వాక్యం రాయండి.

ఇక డిఫెన్స్. ‘రక్షణ’ అంటే సైన్యం. క్రిమినల్ కేసు కాబట్టి, సివిల్ కేసుల్లో వాడే ‘ప్రతివాది’ కూడా కుదరదు. ‘నిందితుడి తరఫు వాదన’ సరిపోతుంది. ‘డిఫెన్స్ లాయరు’ను మాత్రం అలాగే ఉంచండి, అందరూ అనే మాటే అది.