పేషెంట్ ముందే తిడుతున్నారు, చదువు మానేయాలనిపిస్తోంది

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో హాస్టల్లో ఉండి బీడీఎస్ (పంటి డాక్టరు కోర్సు) మూడో ఏడు చదువుతున్నాను. ఇప్పటిదాకా మంచి మార్కులే. క్లినిక్ పోస్టింగులు మొదలయ్యాక మా సార్ పేషెంట్ ముందే ‘నీకు సీటెవరిచ్చారు?’ అంటున్నారు. సిరంజి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఒక్కొక్కరూ ఇన్ని చెయ్యాలని పెట్టిన కోటా కేసులు పూర్తికాలేదు. నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. మానేస్తానని ఆయనకెలా చెప్పాలి?

జవాబు: అమ్మా, చెయ్యి వణకడం ఒక సంగతి, సార్ అన్న మాట ఇంకో సంగతి. రెండూ కలిపేసి నాకీ పని రాదని తీర్మానించుకున్నావు.

ఇన్నాళ్లూ నువ్వు చేసింది ఫాంటమ్ హెడ్ మీద, అంటే పళ్లున్న బొమ్మ తల మీద. దానికి నొప్పి లేదు, నాలుక కదపదు. బతికున్న మనిషి నోట్లో మొదటిసారి సూది పెట్టేటప్పుడు ఎవరికైనా టెన్షనే. ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనించు, మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకో. పొద్దున టిఫిన్ మానేసి పోస్టింగుకు పోతున్నావేమో చూసుకో, ఖాళీ కడుపుకు వణుకు ఎక్కువవుతుంది.

ఇక సార్ మాట. పేషెంట్ ముందు అవమానించడం పాఠం చెప్పడం కాదు. వైద్య కాలేజీల్లో చదువుకునే వాతావరణం ఎలా ఉందో విద్యార్థులనే అడిగే ‘డ్రీమ్’ అనే ప్రశ్నపత్రం ఒకటుంది, స్కాట్లండ్‌లోని డండీలో తయారైంది. అందులోని 50 అంశాల్లో టీచర్లు హేళన చేస్తారా అన్నది ఒకటి, ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఆసరా ఉందా అన్నది ఇంకొకటి. నీ బాధను అతి సుకుమారం అని ఎవరైనా అంటే నమ్మకు.

పోస్టింగ్ మొదలవకముందే, పేషెంట్లు లేనప్పుడు సార్ దగ్గరికి వెళ్లు. ‘బ్లాక్ (మొద్దుబారే ఇంజెక్షన్) ఇచ్చేటప్పుడు సూది ఎక్కడ దించాలో అనుమానంగా ఉంది సార్, ఒక్కసారి పక్కనుండి చూస్తారా?’ అని అడుగు. తిట్టొద్దంటే ఆయనకు కోపం రావచ్చు, పని నేర్పమంటే కాదనడం కష్టం. కుదరదంటే పీజీ అక్కనో హౌస్ సర్జన్‌నో పిలుచుకో. అయినా మాటలు ఆగకపోతే బ్యాచ్‌లో అవే మాటలు పడ్డ ఇంకో ఇద్దరితో కలిసి హెచ్‌ఓడీని (విభాగం పెద్దను) కలువు, ఒంటరిగా పోవద్దు. మిగిలిన కేసుల లెక్క కూడా అక్కడే చూపించు. ఇంకొకరు చేసిన కేసుకు నీ పుస్తకంలో సంతకం పెట్టించుకునే దారి మాత్రం వద్దు, రేపు నీ చేతికి పని రాదు.

నాన్నకు ఈ ఆదివారమే చెప్పు. మానేస్తానని కాదు, క్లినిక్కులో కష్టంగా ఉందని. అప్పు చేసిన మనిషికి బిడ్డ ఏం పడుతోందో తెలియాలి. మానడమా వద్దా అన్నది ఈ ఏడాది పరీక్షలయ్యాక ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఈలోగా నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగనిపించినా 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.