పాప చేతికే ముద్ద ఇస్తే తప్పా?

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. పాపకి ఏడో నెల. సింహాచలంలో అన్నప్రాసన చేశాం. తన చేత్తో తింటే మంచిదని ఉడికించిన చిలగడదుంప ముక్కలు ముందు పెడుతున్నాను. అత్తగారు లాగేసుకుంటారు. ‘గొంతుకు అడ్డం పడితే ఎవరు దిక్కు? పిల్లకి కడుపు నిండొద్దా?’ అంటారు. మొన్న పాపకి డోకొచ్చి, దగ్గి ముక్క ఉమ్మేసింది. ఇల్లంతా గోల. మావారు నోరు విప్పరు. తిండి వేళ అంటేనే టెన్షన్.
- ఒక తల్లి

అమ్మా, మీ అత్తగారి భయాన్ని చాదస్తం అనుకోకండి. గొంతుకు అడ్డం పడితే నిజంగానే ప్రాణం మీదికి వస్తుంది. మొన్న పాపకి వచ్చింది మాత్రం డోకే. డోకులో ముఖం ఎర్రబడుతుంది, దగ్గు, చప్పుడు వినిపిస్తాయి. అప్పుడు నోట్లో వేలు పెట్టకండి, ముక్క ఇంకా లోపలికి పోతుంది. అడ్డం పడితే చప్పుడే ఉండదు. బిడ్డ ఏడవలేదు, దగ్గలేదు, పెదాలు నీలంగా మారతాయి. వెంటనే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, భుజాల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యన 5 సార్లు నొక్కాలి. ఇలా మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పిల్లల డాక్టరు దగ్గరికి అత్తగారినీ మీవారినీ తీసుకెళ్లి ఇది చేసి చూపించమనండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

పాప మెడ నిలిపి నిటారుగా కూర్చుంటేనే చేతికి ఇవ్వండి. ఈ వయసులో గుప్పిట్లో పట్టుకోగలదే తప్ప రెండు వేళ్లతో ఏరుకోలేదు. కాబట్టి ముక్క మీ వేలంత పొడవుండాలి, నొక్కితే మెత్తగా నలగాలి. గుమ్మడికాయ, చిలగడదుంప, అరటిపండు బాగుంటాయి. పచ్చి క్యారెట్, యాపిల్ ముక్కలు, వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకండి, ఉప్పు, చక్కెర కూడా వద్దు. తినేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి.

ఒక విషయంలో నేను అత్తగారి పక్షమే. ఆరు నెలలకి బిడ్డ ఒంట్లో ఇనుము నిల్వలు తరిగిపోతాయి. పళ్లు, దుంపలే పెడితే చాలదు. బాగా ఉడికిన గుడ్డు, మెత్తటి పప్పన్నం, ముల్లు తీసిన చేప కావాలి. చెంచానా, చెయ్యా అని పంతం ఎందుకు? పొద్దున పప్పన్నం అత్తగారు కలిపి తినిపిస్తారు, సాయంత్రం పాప తనే తింటుంది. ఎవరు పెట్టినా ఒకటే షరతు: పాప తల తిప్పుకుంటే ఆపేయాలి, ఫోన్ చూపించి కుక్కకూడదు. కడుపు నిండదన్న బెంగ అక్కర్లేదు, మీ పాలే ఇప్పటికీ ముఖ్య ఆహారం. పాప నెలలు నిండక పుట్టినా, బరువు పెరగకపోయినా మాత్రం ముందు డాక్టరుని అడగండి.

ఇక మీవారు. వాళ్లమ్మకి నచ్చజెప్పాల్సింది ఆయనే. ఆదివారం చేప తెస్తే, ఉప్పుకారాలు పడకముందే పాప ముక్క పక్కకు తీసి, ముళ్లు ఏరి, దగ్గర కూర్చుని తినిపించే పని ఆయనకి అప్పగించండి.