సంగటి మానేసి డబ్బా కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు, 52 కిలోలు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో 800 మీటర్లకు ప్రాక్టీస్ చేస్తున్నాడు. పొద్దున అయిదింటికి టీ తాగి పోతాడు. వచ్చి ఉగ్గాని తిని కాలేజీకి. మధ్యాహ్నం బాక్సులో అన్నం, చారు. సాయంత్రం మళ్లీ గ్రౌండే. ఇంకో నాలుగు కిలోలు పెరగాలంట, మూడున్నర వేల మాస్ గెయినర్ (బరువు పెంచే పొడి) డబ్బా కొనిమ్మని ఒకటే పోరు. సంగటి పెడితే ఒళ్లు బరువెక్కుతుందని ముట్టడు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, రాప్తాడు

జవాబు: బరువు పెరగడానికి డబ్బా కావాలి, బరువెక్కుతానని సంగటి వద్దు! మీవాడి లెక్క బాగుందమ్మా.

సంగటి మీద వాడి కోపం నాకు తెలుసు. కుర్రతనంలో నేనూ కర్నూల్లో పోటీలకు పోయి, అరగంట ముందు పెద్ద ముద్ద, పులగూరతో మింగి ట్రాక్ దిగాను. రెండో రౌండు మలుపులో డొక్కలో పట్టేసింది, నడుచుకుంటూ బయటికొచ్చాను. తప్పు సంగటిది కాదు, నేను తిన్న వేళది. పరుగుకు మూడు గంటల ముందు తినుంటే అదే నన్ను లాక్కుపోయేది.

పరుగు సాధన చేసేవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి. మధ్యలో 1.6 పట్టుకుంటే మీవాడికి 83 గ్రాములు. రెండు గుడ్లు 12, గుప్పెడు బుడ్డలు (వేరుశెనగలు, 50 గ్రాములు) 12, రెండు గ్లాసుల పాలు 13, పప్పో ఉలవలో అరవై గ్రాములు వండితే 13. రోజంతా తినే అన్నం, సంగటి, జొన్నరొట్టెల్లో ఇంకో ముప్పై దాకా వస్తుంది. కోడికూర లేకుండానే దాదాపు సరిపోయింది చూడండి.

లోటు ఉన్నది పగటి పూట. ఉగ్గాని నాకూ ప్రాణమే, కానీ బొరుగుల్లో ప్రొటీన్ అంతంతే. టీతో పాటు ఒక అరటిపండు పెట్టండి. గ్రౌండు నుంచి రాగానే ఉగ్గాని పక్కన రెండు గుడ్లు, గ్లాసు పాలు. బాక్సులో చారు తీసేసి గట్టి పప్పు. సాయంత్రం పోయే ముందు బుడ్డలు, బెల్లం, కనీసం గంట ముందు. సంగటి రాత్రికి.

ఇక డబ్బా. వెనక్కి తిప్పి చదవమనండి, చాలావాటిలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అదీ పిండిపదార్థమే, మూడున్నర వేల సంగటి అనుకోండి. డబ్బు పోతే పోయింది, లేబుల్ మీద లేనిది లోపల ఉంటేనే కొంప మునిగేది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 4×400 రిలే బంగారం తెచ్చిన నలుగురు అమ్మాయిల్లో ముగ్గురు మరుసటేడు డోపింగ్‌లో దొరికారు. జిన్సెంగ్ మాత్రల్లో కలిసిందని, తమకు తెలీదని మొత్తుకున్నారు. అయినా రెండేళ్ల నిషేధం పడింది. ఒంట్లో దొరికిందానికి ఆటగాడిదే బాధ్యత, ఇచ్చినవాడిది కాదు.

రేపో మాపో కండబలానికని అమ్మే క్రియాటిన్ పొడి అని కూడా అంటాడు. పెద్దవాళ్ల మీద బాగా పరీక్షించిన సరుకే, కానీ పదహారేళ్లకు తొందరేముంది?

ఆదివారం పొద్దున ఏమీ తినకముందు బరువు చూసి గోడ మీద క్యాలెండర్లో రాయించండి. ఆరు వారాలైనా ముల్లు కదలకపోతే ఆ కాగితం ఫొటో తీసి పంపండి, అప్పుడు చూద్దాం.