కూరగాయల విందుకు వంద డాలర్లు పెట్టడం దండగా?

మాంసం, చేపలు లేకుండా కూరగాయలు మాత్రమే వండి వడ్డించే రెస్టారెంటులో మనిషికి వంద డాలర్లకు పైగా పెట్టడం సబబేనా అని మీరు అడిగారు. న్యూయార్కు అలెన్ వీధిలోని డర్ట్ క్యాండీ అనే అలాంటి రెస్టారెంటులో మా ఆవిడతో కలిసి భోజనం చేసిన అనుభవం మీద చెబుతున్నాను. వంట మీద మక్కువ ఉన్నవారికి అది దండగ కాదు.

వంటల నిపుణురాలు అమాండా కోహెన్ 2008లో అదే నగరంలో ఈస్ట్ విలేజ్ అనే పేటలోని ఒక ఇరుకు గదిలో దీన్ని ప్రారంభించి, 2015లో ఇప్పటి చోటికి మార్చారు. మంచి రెస్టారెంట్లకు మిషెలిన్ అనే ఫ్రెంచి గైడు ఇచ్చే పేరొందిన గుర్తింపు, మిషెలిన్ నక్షత్రం, దీనికి 2022లో వచ్చింది. ఒక్కో వంటకానికి ఒక్కో కూరగాయను కేంద్రంగా పెట్టుకుని, దాన్నే వేయించి, ఊరబెట్టి, ఎండబెట్టి, గుజ్జు చేసి, ఆ రుచులన్నీ ఒకే పళ్లెంలో పలికించడం ఆవిడ పద్ధతి.

భోజనం చివర వచ్చే తీపి వంటకాలు కూడా కూరగాయలతోనే చేస్తారు. మేము వెళ్లినప్పుడు కాల్చిన వంకాయతో చేసిన తిరమిసు (మీగడ పొరలతో చేసే ఇటలీ మిఠాయి) పెట్టి, దాని మీద రోజ్‌మేరీ అనే సువాసన ఆకు వాసన పట్టించిన పీచు మిఠాయి ఉంచారు. నోట్లో పెట్టుకోగానే మీగడ తీపి తగిలి, మింగబోయే సమయానికి మన వంకాయ పచ్చడిలో ఉండే ఆ కాల్చిన వాసన నెమ్మదిగా తెలిసింది. వంకాయతో మిఠాయి ఏమిటని మొహం చిట్లించిన మా ఆవిడ, నా వంతు కూడా తనే తినేసింది.

అక్కడ మనం చెల్లించేది కూరగాయ ఖరీదు కాదు, చేతిపని ఖరీదు. చవకగా దొరికే క్యారెట్‌ను కూడా నాలుగైదు రూపాల్లోకి మార్చాలంటే గంటల తరబడి మనుషులు నిలబడి పనిచేయాలి. 2015లోనే కోహెన్ టిప్పు పద్ధతి తీసేసి, సిబ్బంది జీతాల ఖర్చును బిల్లులోనే కలిపేశారు; అది న్యాయమైన పని అని నా అభిప్రాయం. ఇలాంటి చోటు నిలదొక్కుకోవడం తేలిక కాదు. అదే నగరంలో 2021లో మాంసం మానేసిన ఎలెవెన్ మాడిసన్ పార్క్ అనే రెస్టారెంటు, 2025లో మళ్లీ మాంసం వడ్డించడం మొదలుపెట్టింది.

మన కారానికి అలవాటుపడిన నాలుకకు అక్కడి వంట చప్పగా అనిపించవచ్చు, వడ్డన కూడా కొద్దికొద్దిగానే ఉంటుంది. కడుపు నిండా తినాలన్న ఉద్దేశంతో అయితే వెళ్లవద్దు. శాకాహారమే అయినా వంటల్లో గుడ్డు పడుతుంది కాబట్టి, మీరు తినకపోతే టేబుల్ బుక్ చేసేటప్పుడే ఆ సంగతి రాయండి. మెనూ కాలాన్నిబట్టి మారుతుంది, ముందుగా ఒకసారి చూసుకుని వెళ్లండి.