వెయ్యిమంది కలిసి ఒకే పరిశోధన ఎలా చేస్తారు?

ప్రశ్న: గురుత్వ తరంగాలను కనుగొన్నట్లు ప్రకటించిన పరిశోధన పత్రంలో వెయ్యిమందికి పైగా శాస్త్రవేత్తల పేర్లున్నాయని చదివాను. మా విభాగంలో నలుగురం కలిసి పనిచేయడమే కష్టంగా ఉంది. అంతమంది ఒక బృందంగా ఎలా ఏర్పడతారు?
– ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: గురుత్వ తరంగాలను, అంటే విశ్వంలో భారీ సంఘటనల వల్ల స్థలకాలంలో పుట్టే అతి సూక్ష్మ ప్రకంపనలను, పట్టుకునేందుకు అమెరికాలో చేపట్టిన ఆ లైగో ప్రయోగం మొదట్లో ముగ్గురితోనే ఇబ్బంది పడిందని తెలిస్తే మీకు కొంత ఊరట కలగవచ్చు. 1984లో కాల్టెక్, ఎంఐటీ అనే రెండు అమెరికా విద్యాసంస్థలు కలిసి దీన్ని చేపట్టినప్పుడు భౌతిక శాస్త్రవేత్తలు రైనర్ వైస్, కిప్ థార్న్, రొనాల్డ్ డ్రెవర్ ఏకాభిప్రాయంతో నడపాలనుకున్నారు. ముగ్గురూ ఉద్దండులే. అయితే తుది నిర్ణయం ఎవరిదో తేలక పని నత్తనడకన సాగింది. 1987లో ఒకే డైరెక్టరును నియమించాక గానీ కదలిక రాలేదు.

1994లో ప్రయోగం సారథ్య బాధ్యతలు చేపట్టిన భౌతిక శాస్త్రవేత్త బ్యారీ బ్యారిష్, 1997లో పరికరాలను నిర్మించి నడిపే లేబొరేటరీని ఒకవైపు, బయటి విశ్వవిద్యాలయాల వారికి కూడా చోటిచ్చే లైగో సైంటిఫిక్ కొలాబరేషన్‌ను మరొకవైపు ఏర్పరిచారు. ఇందులో చేరే ప్రతి బృందమూ తాను ఏ పని చేసిపెడుతుందో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పత్రంలో పేర్లు ఆంగ్ల అక్షరక్రమంలోనే ఉంటాయి కనుక, ముందెవరు వెనకెవరు అన్న తగవుకు తావు లేదు.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, అనుమానించడాన్ని కూడా బృందం పనుల్లో ఒకటిగా చేర్చుకోవడం. 2010 సెప్టెంబరులో, కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియకుండా, ఒక కృత్రిమ సంకేతాన్ని తరంగాలను పసిగట్టే పరికరాలైన డిటెక్టర్లలో ప్రవేశపెట్టారు. మిగతావారు నెలల తరబడి దాన్ని విశ్లేషించి, పత్రం కూడా సిద్ధం చేసుకున్నాక, 2011 మార్చిలో ఆ రహస్యం దాచిన కవరు విప్పి అది ఉత్తుత్తిదని వెల్లడించారు. ఇలాంటి పరీక్షలుంటాయని అందరూ ముందే అంగీకరించారు. 2015 సెప్టెంబరు 14న అసలు సంకేతం అందినప్పుడు, జర్మనీలోని హానోవర్‌లో దాన్ని మొదట గమనించినవారు ఇదీ అలాంటి పరీక్షేనేమోనని అనుమానించారు. కాదని తేలాక కూడా పరిశీలన సాగించి, 2016 ఫిబ్రవరి 11న గానీ లోకానికి చెప్పలేదు.

నలుగురున్న చోట అక్షరక్రమం న్యాయం కాదు, ఎక్కువ కష్టపడినవారు కనబడకుండా పోతారు. కాబట్టి డేటా ఎవరి దగ్గర ఉండాలి, పేర్ల వరుసను ఏ ప్రాతిపదికన నిర్ణయించాలి, అభిప్రాయభేదం వస్తే చివరి మాట ఎవరిది అన్నవి ఫలితం రాకముందే, మీ గైడు సమక్షంలో, ఒక పేజీలో రాసుకోండి. ఒకరు చేసిన విశ్లేషణను మరొకరు మొదటి నుంచి విడిగా చేసి చూడాలన్న షరతు కూడా అందులో చేర్చండి.