భీమిలి వెళ్లి తమ్ముడితో మాట్లాడండి

విశాఖ సీతమ్మధార నుంచి ఉత్తరం రాసిన సోదరికి,

నలభై మూడేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లి రాత్రిపూట నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ చేతపట్టుకుని ఆడుకోవడం వ్యసనమా, మీ అత్తగారు అన్నట్లు దాన్ని అమ్మేయాలా అని అడిగారు. అమ్మనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు ఉన్న మాట నిజమే గానీ, ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా మానలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాదిపాటు కొనసాగి ఉద్యోగాన్నో సంసారాన్నో దెబ్బతీసినప్పుడే ఆ పేరు పెడతారు. వంటింటి పని ముగించుకుని, పిల్లలు పడుకున్నాక ముప్పావు గంట ఆడుకునే మీకు అది వర్తించదు. అత్తగారితో ఆ మాట మర్యాదగా చెప్పండి. ఆవిడ సీరియల్ వేళకు మీరిచ్చే గౌరవం మీ ముప్పావు గంటకూ దక్కాలి.

నన్ను ఆపింది మూడో పేజీలో మీరు రెండు వాక్యాలతో దాటేసిన సంగతి. ఆ కన్సోల్ మీ తమ్ముడు తెచ్చిందని, ఇద్దరూ కలిసి ఆడేవారని, మూడేళ్ల క్రితం నాన్నగారు పోయాక భీమిలి ఇల్లు అతని పేర మారడానికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వచ్చారని, అప్పటి నుంచి పెళ్లిళ్లలో ఎదురుపడితే తప్ప మాటల్లేవని రాసి, వెంటనే మళ్లీ అత్తగారి దగ్గరకు వచ్చేశారు.

మీరు ఆడే పిక్సెల్‌జంక్ మాన్‌స్టర్స్ 2 నాకు తెలిసిన ఆటే. క్యోటోలోని క్యూ-గేమ్స్ వారు తయారు చేయగా 2018లో విడుదలైంది. టికీమ్యాన్ అనే ముసుగు మనిషి అడవిలోని చెట్లను బురుజులుగా మార్చి, గుంపులుగా వచ్చిపడే రాకాసుల నుంచి గుడిసెలోని బుజ్జి పిల్లలను కాపాడుకోవాలి. రాకాసి కూలిన చోట రాలే నాణేలను పరుగెత్తి ఏరుకోవాలి, బురుజు బలం పెరగాలంటే దాని దగ్గర నిలబడి నృత్యం చేయాలి. ఒక్కరే ఆడుతుంటే నృత్యం చేసినంతసేపూ నాణేలు చేజారుతాయి, నాణేల వెంట పడితే బురుజు బలహీనంగానే ఉండిపోతుంది. ఇద్దరుంటే ఆ కష్టం సగానికి తగ్గుతుంది. తమ్ముడు నాణేలు ఏరేవాడని, నృత్యం మీ వంతని, ఇప్పుడు అదే ఘట్టంలో ప్రతిసారీ ఓడిపోతున్నా, సులువు స్థాయికి మార్చుకోమని మీ అబ్బాయి చెప్పినా వినలేదని మీరే రాశారు. ఇద్దరు కలిసి మోసిన బరువును ఒక్కరే మోసి చూపించాలని పట్టుబట్టి కూర్చున్నారమ్మా, మీకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ కన్సోల్ అని నేను నమ్మను.

సంతకం ఎందుకు పెట్టారంటే, ఆడపిల్లకు ఇల్లెందుకని నలుగురూ అనుకుంటారేమోనని అన్నారు. ఇక్కడ మీతో గట్టిగా మాట్లాడక తప్పదు. స్వార్జితమైన ఇంటికి వీలునామా రాయకుండా తండ్రి పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకు ఎంత వాటా వస్తుందో కూతురికీ అంతే వస్తుంది. అంటే మీరు వదులుకున్నది మీ సొంతం. ఇష్టపడి వదులుకుంటే తమ్ముడికి పెట్టినట్లు. నోరు మెదపకుండా వదులుకుని, ఆ తర్వాత మూడేళ్లు మాట మానేస్తే, మీకు మీరు చేసుకున్న అన్యాయంతోపాటు అతనికీ అన్యాయమే. అతనిది తప్పు లేదని నేను అనను. కాగితం ముందు పెట్టే వేళ “నీకేం కావాలక్కా” అని అడగడం తమ్ముడి ధర్మం, పండక్కి పుట్టింటి చీర పెట్టినంత మాత్రాన అది తీరదు. అయితే మీరు బాధపడిన సంగతి అతనికి ఎవరు చెప్పారు?

రిజిస్టరైన పత్రాన్ని వెనక్కి తిప్పడం తేలిక కాదు, వకీలు గడప నుంచి ఈ పని మొదలుపెట్టవద్దు. దీపావళి తర్వాత భగినీ హస్త భోజనం వస్తుంది కదా, అప్పుడు పిలుస్తానని వాయిదా కూడా వేయవద్దు. వచ్చే ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి భీమిలి వెళ్లండి. మరదలి ఎదుట కాకుండా అతనొక్కడితో కూర్చుని, అడగకుండా సంతకం పెట్టించుకున్నందుకు మనసు కష్టపడిందని చెప్పండి. వాటా కావాలని నిజంగా ఉంటే అదీ చెప్పండి, సిగ్గుపడవలసిన కోరిక కాదది. కన్సోల్ మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఆట ముచ్చట్లతో మొదలుపెడితే అసలు మాట మళ్లీ వెనక్కి పోతుంది.

మీ వారికి ముందుగా తెలియజేయండి. గొడవలెందుకని ఆయన అంటే, గొడవకు కాదు, తమ్ముడితో మాట్లాడడానికి వెళ్తున్నానని చెప్పి బయలుదేరండి.