హెడ్‌ఫోన్‌లో గరగర: తప్పు పాటదా, వస్తువుదా?

సందేహం: 2024 నవంబరులో నాన్నగారి షష్టిపూర్తికి ఆన్‌లైన్‌లో 18,990 రూపాయలు పెట్టి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నాను. ఆర్డర్ మా బావగారి అకౌంట్ నుంచి పెట్టాం, బిల్లు ఆయన పేరు మీదే ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి పాట వింటుంటే గరగరమంటోంది, ఎక్కువగా ఎడమ వైపే. సర్వీస్ సెంటర్‌లో రెండు రోజులు ఉంచుకుని, ‘లోపమేమీ లేదు, పాత పాటల రికార్డింగే అంత’ అని తిరిగి ఇచ్చేశారు. బిల్లు కింద ‘వివాదాలు గురుగ్రామ్ కోర్టుల పరిధిలో’ అని రాసి ఉంది. కొత్తది ఆర్డర్ చేసి, ఆ బాక్సులో పాతది పెట్టి రిటర్న్ చేయమని ఒక స్నేహితుడు అంటున్నాడు. నాన్నగారు చాలా బాధపడ్డారు. మానసిక వేదనకు 5 లక్షలు అడగవచ్చా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

సమాధానం: మీరు రాసిన మూడు పేజీల్లో రెండున్నర పేజీలు నాన్నగారి బాధే. కేసును తేల్చేది మాత్రం మీరు మధ్యలో ఎక్కడో అనేసి వదిలేసిన రెండు మాటలు: ‘ఎడమ వైపే’.

నాన్నగారు వినేవి ఘంటసాల కాలం పాటలని రాశారు. అవి చాలావరకు మోనో రికార్డింగులు, రెండు చెవులకూ వచ్చేది ఒకే ధ్వని. రికార్డింగ్‌లోనే గరగర ఉంటే రెండు వైపులా ఒకేలా వినపడాలి. ఎక్కువగా ఎడమ వైపే వస్తోందంటే సర్వీస్ సెంటర్ చెప్పిన కారణం అక్కడే పడిపోతుంది. అయితే పాత మోనో పాటలకు స్టీరియో (రెండు చెవులకూ వేర్వేరు ధ్వని) రంగు పూసి అమ్మిన కాపీలు కూడా ఉన్నాయి, అవతలి వకీలు వాటినే పట్టుకుంటాడు. కాబట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి. ఇక ఏ పాట పెట్టినా రెండు కప్పుల్లోకీ ఒకటే వెళ్తుంది. ఈక్వలైజర్, బాస్ బూస్ట్ ఆపేయండి, అవే శబ్దాన్ని చీల్చేసే సందర్భాలు చాలా ఉన్నాయి. పాటలో గరగర వచ్చే నిమిషం, సెకను కాగితం మీద రాసుకుని, అదే చోటు ఇంకో హెడ్‌ఫోన్‌లో వినండి. అక్కడా వస్తే తప్పు పాటదే, కేసు వేసే ఆలోచన మానుకోండి. రాకపోతే మీ హెడ్‌ఫోన్‌ను తిరగేసి, ఎడమ కప్పు కుడి చెవికి పెట్టుకుని వినండి. గరగర కప్పుతోపాటే కుడి చెవికి వచ్చిందంటే, ‘లోపం మీ నాన్నగారి చెవిలో ఉంది’ అనే వాదనకూ చోటు లేదు. నవ్వకండి, వయసు చూసి ఆ మాట కూడా అంటారు.

ఇది మీకు తెలియడం వేరు, ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్ ముందు రుజువు కావడం వేరు. చాలామంది హెడ్‌ఫోన్ దగ్గర ఇంకో ఫోన్ పెట్టి వీడియో తీసి, అదే పెద్ద సాక్ష్యం అనుకుంటారు. ఫోన్ మైకే గరగరలాడిందని ఒక్క మాటలో దాన్ని కొట్టేయవచ్చు. వీడియో తీయండి, కానీ రెండు హెడ్‌ఫోన్లనూ అదే పాటతో, అదే వాల్యూమ్‌లో, ఫోన్ కదపకుండా ఒకే వీడియోలో తీయండి. దాన్ని వాట్సాప్‌లో పంపి అసలు ఫైలు డిలీట్ చేయవద్దు, వాట్సాప్ ఫైలును కుదించేస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువీకరణ సర్టిఫికెట్ కూడా జత చేయండి.

అసలు బలం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38(2)(సి)లో ఉంది. పరీక్షిస్తే తప్ప తేలని లోపం అయితే కమిషన్ ఆ వస్తువుకు సీల్ వేసి తగిన ల్యాబ్‌కు పంపుతుంది, ల్యాబ్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఈ పరీక్ష కోరుతూ ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టండి. అందుకే లోకల్ రిపేర్ షాపులో స్క్రూ కూడా విప్పించవద్దు. లోపల డయాఫ్రమ్ (కదిలి శబ్దం పుట్టించే పలుచని పొర) మీద ఒక వెంట్రుక పడినా ఇలాంటి చప్పుడే వస్తుంది. షాపు కుర్రాడు దాన్ని తీసేస్తే మీ సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది. పూర్తిగా కేసు తేలేదాకా ఆ హెడ్‌ఫోన్ వాడకండి.

స్నేహితుడి సలహా మాటకొస్తే, దాని జోలికి వెళ్లారో, ఫిర్యాదుదారుగా ఉండాల్సిన మీరు నిందితుడవుతారు. ప్రతి పీస్‌కూ సీరియల్ నంబరు ఉంటుంది, ఏది ఎవరికి అమ్మారో రికార్డు ఉంటుంది. పాతది కొత్తదని చెప్పి డబ్బు వెనక్కి తీసుకోవడం మోసం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందికి వస్తుంది. అకౌంట్ బావగారిది కాబట్టి ముందు ఆయన ఇంటికే నోటీసు వెళ్తుంది.

సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్ పారేశానని ఎంత తేలిగ్గా రాశారు! వారంటీ ఏడాదే, అది 2025 నవంబరుతో అయిపోయింది. గడువు లోపలే ఫిర్యాదు చేశారని చెప్పే కాగితం అదొక్కటే. ఈ రోజే ఫోన్‌లో పాత ఎస్‌ఎంఎస్‌లు వెతకండి, జాబ్ నంబరుతో మెసేజ్ వచ్చే ఉంటుంది. ఆ నంబరు వేసి డూప్లికేట్ ఇమ్మని ఈమెయిల్ పెట్టండి. వాళ్లు ఇవ్వకపోయినా మీ ఈమెయిల్ పనికొస్తుంది.

ఫిర్యాదు దాఖలుకు కాలపరిమితి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. లోపం బయటపడిన 2025 ఫిబ్రవరి నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, కొన్న రోజు నుంచే అని వాళ్లు అంటారు. ఆ గొడవ మనకెందుకు, 2026 నవంబరు లోపే దాఖలు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం మంచిదే కానీ, మీరు ఫోన్లు చేసినా ఈమెయిళ్లు రాసినా గడువు మాత్రం ఆగదు.

గురుగ్రామ్ గురించి టెన్షన్ వద్దు. మీరు నివసించే చోటే దాఖలు చేయవచ్చని అదే చట్టం సెక్షన్ 34 చెబుతోంది, ఖమ్మం జిల్లా కమిషన్ సరిపోతుంది. బిల్లు బావగారి పేరు మీద ఉన్నా, కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా సెక్షన్ 2(7) కింద వినియోగదారులే. ఆయనతో ఒక అఫిడవిట్ ఇప్పించండి, లేదా ఆయన్నూ ఫిర్యాదుదారుగా చేర్చండి.

5 లక్షల మాట వదిలేయండి. 18,990 రూపాయల వస్తువుకు అంత అడిగితే మిగతా కేసు కూడా పలుచన అవుతుంది. కొత్తది లేదా డబ్బు వాపసు, వడ్డీ, ఖర్చులు, వేదనకు ఒక మోస్తరు మొత్తం కోరండి. తయారీ సంస్థకు, అమ్మినవారికి, సర్వీస్ సెంటర్‌కు ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి. జవాబు రాకపోతే, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ల్యాబ్ ఫీజు మాత్రం ముందు మీరే కట్టాలి. దాన్ని కూడా ఖర్చుల కింద ఇప్పించమని ఫిర్యాదులోనే రాయండి.